ఒక పేజీ, వంద సెకన్లు

రేడియో ఉద్యోగానికి వచ్చే రెజ్యూమెల్లో ఒక విచిత్రం ఉంది. మాట్లాడి బతకాల్సిన మనిషి కాగితం మీదికి వచ్చేసరికి మూగబోతాడు. మైకు పెడితే గలగలా మాట్లాడే కుర్రాడు కూడా రెజ్యూమె అనగానే ఎవరిదో పాత ఫైలు తెరిచి, పేరు మార్చి, ‘సవాళ్లతో కూడిన సంస్థలో నా నైపుణ్యాలను వినియోగిస్తూ సంస్థ అభివృద్ధికి తోడ్పడుట’ అని మొదలుపెడతాడు. ఆ వాక్యాన్ని బ్యాంకు ఉద్యోగానికీ పంపొచ్చు, మందుల కంపెనీకీ పంపొచ్చు, కాస్త మారిస్తే పెళ్లి సంబంధానికీ పనికొస్తుంది. తర్వాత పదో తరగతి శాతం, ఇంటర్ శాతం, తండ్రి పేరు, పెళ్లయిందో లేదో. బలాలు: కష్టపడే తత్వం, సానుకూల దృక్పథం. అభిరుచులు: పాటలు వినడం, క్రికెట్ ఆడటం. చివర ‘పై వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు సత్యమని ధ్రువీకరిస్తున్నాను’ అని తేదీ, స్థలం, సంతకం. అన్నీ ఉంటాయి. ఈ మనిషి మాట్లాడితే ఎలా ఉంటుందో మాత్రం ఎక్కడా తెలియదు.

అలాంటివి కట్టలకొద్దీ చదివాక బాగా చేసిన పేజీ ఒక్కటి కనిపిస్తే దాన్ని పక్కన పెట్టుకుని మళ్లీ మళ్లీ చూడాలనిపిస్తుంది. ఈ వ్యాసం అలాంటి ఒక పేజీ గురించే. విజయవాడలో ఒక ప్రైవేటు ఎఫ్‌ఎమ్ స్టేషన్ ఉదయం షోకు మనిషిని వెతుకుతున్నప్పుడు వచ్చింది. పంపిన అమ్మాయి పేరు చెప్పను. గుంటూరు జిల్లా మనిషి అనీ, ఒక కాలేజీ నడిపే కమ్యూనిటీ రేడియోలో రెండేళ్లు సాయంత్రం షో చేసిందనీ తెలిస్తే చాలు.

పేజీ మొత్తం తెలుగులోనే ఉంది. వెనక అదే పేజీ ఇంగ్లీషులో. పెద్ద కంపెనీల్లో రెజ్యూమె ముందు హెచ్‌ఆర్ వాళ్ల దగ్గరికి వెళుతుంది, వాళ్లలో తెలుగు చదవలేనివాళ్లు ఉండొచ్చు. అందుకని రెండో పేజీ. పనికి సంబంధించినవాళ్లు చదవాల్సింది మాత్రం మొదటిదే. తెలుగులో మాట్లాడే ఉద్యోగానికి తెలుగులో ఒక్క వాక్యం కూడా లేని దరఖాస్తులు పంపడం మనకు అలవాటైపోయింది కాబట్టి ఈ మామూలు సంగతే కొత్తగా అనిపించింది.

పైన పేరు, ఫోన్ నంబరు, ఊరు. దాని కిందే డెమో లింకు, లింకు పక్కన ‘1 నిమిషం 40 సెకన్లు’. నేను మొదట ఆగింది అక్కడే. నిడివి చెప్పడమంటే వినేవాడి టైము ఎంత తీసుకుంటుందో ముందే చెప్పి తీసుకోవడం. చాలామంది పన్నెండు నిమిషాల ఫైలు పంపి ‘దయచేసి పూర్తిగా వినగలరు’ అని రాస్తారు. మరికొందరి లింకు నొక్కితే అనుమతి కోసం రిక్వెస్టు పెట్టమంటుంది. పొద్దున పదిన్నరకు, షో మీటింగుకు ముందు, ఎవరు రిక్వెస్టు పెట్టి కూర్చుంటారు? ఈమె లింకు నొక్కగానే గొంతు వినపడింది. పరిచయ సంగీతం లేదు, ‘హాయ్ హలో నమస్తే’ లేదు. ఆ వంద సెకన్ల సంగతి తర్వాత చెబుతాను, ముందు కాగితం.

లింకు కింద రెండు వరుసలు:

‘కాలేజీ రేడియోలో రెండేళ్లు సాయంత్రం షో. స్క్రిప్టు, ఫోన్లు, ఎడిటింగు నావే. ఇప్పుడు పొద్దున్నే చెయ్యాలని ఉంది.’

పైకి చదివి చూడండి. ఎక్కడా ఊపిరి చాలదనిపించదు. రేడియో స్క్రిప్టు రాసేవాళ్లకు మొదట నేర్పేది ఇదే: ఒక ఊపిరికి ఒక వాక్యం, ఒక వాక్యానికి ఒక సంగతి. పుస్తకంలో వాక్యం పొడుగైతే పాఠకుడు వెనక్కి వెళ్లి చదువుకుంటాడు, రేడియోలో వెనక్కి వెళ్లే దారి లేదు. ఆ అలవాటు చేతికి పట్టినవాళ్లు రెజ్యూమె రాసినా అలాగే రాస్తారు. ‘చెయ్యాలని ఉంది’ అనడం కూడా నాకు నచ్చింది. ‘ఆసక్తి కలిగియున్నాను’ అని రాసేవాళ్ల మధ్య ఆ మాట నోటితో అన్నట్టే ఉంది.

ఇక అసలు పనితనం. అనుభవం అన్న చోట మిగతావాళ్లు సంస్థ పేరు, హోదా, బాధ్యతలు అని మూడు గడులు గీస్తారు. ఈ పేజీలో ఎడమ పక్కన అంకెలు ఉన్నాయి. సంవత్సరాలు కావు, సెకన్లు:

‘0:00 – ఇంటర్ ఫలితాల రోజు. పాట ముందు లింకు.
0:22 – కోత మిషను అద్దెలు. కౌలు రైతు ఫోను.
1:05 – తుఫాను రోజు. మండల ఆఫీసు ఇచ్చిన సమాచారం.
1:31 – షో ముగింపు.’

ఇక్కడ లింకంటే పాటల మధ్య ఆర్‌జే మాట్లాడే మాట. కుడి పక్కన ఒక్కో అంశానికి రెండేసి వరుసలు: ఆ రోజు షో ఎన్ని గంటలకు, లైవా రికార్డింగా, తను ఏం చేసింది. అంతే.

రేడియో స్టేషన్లో క్యూషీటు అని ఒక కాగితం ఉంటుంది. అంశం ఏ మాటతో మొదలవుతుంది, ఏ మాటతో ముగుస్తుంది, ఎంతసేపు నడుస్తుంది, అన్నీ దాని మీద రాసి ఉంటాయి. డ్యూటీలో ఉన్న అనౌన్సరు దాన్ని చూసే ఫేడర్ ఎత్తుతాడు, దించుతాడు. క్యూషీటులో చివరి మాట తప్పు రాశారంటే అనౌన్సరు తొందరపడి మైకు తెరుస్తాడు, లేదంటే ప్రసారంలో ఖాళీ పడుతుంది. అంటే ఆ కాగితం మరో చోట వినబడబోయేదానికి గుర్తు. ఈమె రెజ్యూమెను సరిగ్గా ఆ పద్ధతిలో కట్టింది. ప్రతి వరుసా డెమోలో ఒక క్షణం వైపు చెయ్యి చూపిస్తుంది. ‘నాకు లైవ్ షో అనుభవం ఉంది’ అనే మాటను నమ్మాలో లేదో ఆలోచించే పని లేదు. 0:00 దగ్గర నొక్కితే సరి. ‘శ్రోతలతో మాట్లాడటంలో నైపుణ్యం’ అని రాయాల్సిన అవసరమూ రాలేదు, 0:22 ఉంది కాబట్టి. పొగడ్త మాటలన్నీ అలా వాటంతట అవే రాలిపోయాయి. నాకు తెలిసి రేడియో రెజ్యూమెలో చేయగలిగిన మంచి పని ఇదొక్కటే: చెవి దగ్గరికి తీసుకెళ్లి వదిలెయ్యడం.

ఆ నాలుగు అంశాల్ని ఎంచుకోవడంలోనూ తెలివి ఉంది. మన దేశంలో ప్రైవేటు ఎఫ్‌ఎమ్ స్టేషన్లకు సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు. 2011లో వచ్చిన మూడో దశ విధానం ఆకాశవాణి బులెటిన్లను మార్చకుండా తిరిగి ప్రసారం చేసుకోవచ్చంది, అంతవరకే. అయితే అదే విధానం కొన్ని సంగతుల్ని వార్తల లెక్కలోంచి తీసేసింది: ఆటల సమాచారం, ట్రాఫిక్, వాతావరణం, పండుగలు, పరీక్షలు, ఫలితాలు, ప్రవేశాలు, ఉద్యోగావకాశాలు, కరెంటు-మంచినీళ్ల ప్రకటనలు, స్థానిక అధికారులు ఇచ్చే ప్రకృతి వైపరీత్యాల, ఆరోగ్య హెచ్చరికలు. ఉదయం షో చేసే ఆర్‌జే పాటల మధ్య మాట్లాడేది చాలావరకు ఈ గీతలోపలే. ఇప్పుడు ఆమె వరుసలు మళ్లీ చూడండి. ఇంటర్ ఫలితాలు. తుఫాను. అందులోనూ ‘మండల ఆఫీసు ఇచ్చిన సమాచారం’. తుఫాను రోజు తనే రిపోర్టరై చెరువు గట్టు మీదికి వెళ్లి గాలి వేగం చెప్పలేదు. అధికారులు ఇచ్చింది చదివింది, అలాగని కాగితం మీద రాసింది. ఆ నాలుగు మాటలు చదివిన ప్రోగ్రామ్ హెడ్‌కు, ఈ అమ్మాయికి లైసెన్సు నిబంధనల గురించి మొదటి రోజు క్లాసు చెప్పక్కర్లేదని అర్థమైపోతుంది. నిబంధన పేరు మాత్రం పేజీలో ఎక్కడా లేదు. తెలిసినవాళ్లు తెలుసని రాయరు మరి.

శ్రోతల సంఖ్య దగ్గర చాలా రెజ్యూమెలు జారిపడతాయి. ‘నగరంలో నంబర్ వన్ షో’, ‘లక్షలాది శ్రోతల అభిమానం’. రేడియో వినేవాళ్లను వారం వారం కొలిచే రామ్ రేటింగులు చూసింది ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, బెంగళూరు అనే నాలుగు నగరాలనే. హైదరాబాదే ఆ జాబితాలో లేనప్పుడు విజయవాడలో నంబర్ వన్ అని ఎవరు లెక్కకట్టారు? ఈ పేజీలో ఆ చోట ఇలా ఉంది: ‘శ్రోతలు ఎంతమందో లెక్క తీసినవాళ్లు లేరు. టవరు చుట్టూ పది కిలోమీటర్లలోపు ఊళ్లు. ఫోన్ల రిజిస్టరు ఉంది, అడిగితే తెస్తాను.’ కమ్యూనిటీ రేడియోకు ఇచ్చే శక్తి మామూలుగా వంద వాట్లు. ఆ ప్రసారం ఐదు నుంచి పది కిలోమీటర్ల దూరం పోతుంది. ఆమె రాసింది సాంకేతికంగానూ సరైన మాటే. రిజిస్టరు తెస్తానన్న మాటలో ధీమా చూడండి. ఫోన్లు రాసిపెట్టుకునే అలవాటు ఉన్నవాళ్లే ఆ మాట అనగలరు.

అంకెలు రాయకూడదని కాదు. అంకె తనంతట తాను నిలబడేదైతే దాని పక్కన విశేషణం అక్కర్లేదు, అంతే. అమీన్ సయానీ పేరు పక్కన 54,000 రేడియో కార్యక్రమాలు, 19,000 ప్రకటనలు, జింగిల్స్ అని లిమ్కా రికార్డుల పుస్తకంలో ఎక్కింది. 1952 డిసెంబర్ 3, బుధవారం నాడు రేడియో సిలోన్‌లో బినాకా గీత్‌మాలా మొదలుపెట్టిన మనిషి ఆయన. ఆ రెండు అంకెల పక్కన ‘విశేష ప్రజాదరణ పొందిన’ అని చేరిస్తే అంకె చిన్నదవుతుంది. సరదా ఏమిటంటే అంతటి ఆయన కూడా కుర్రతనంలో ఆకాశవాణి హిందీ పరీక్షలో తప్పాడు. చదవడంలో గుజరాతీ, ఇంగ్లీషు ఛాయలు ఉన్నాయని పక్కన పెట్టారు. తర్వాత నలభై ఏళ్లు దేశం చెవులు రిక్కించింది ఆ గొంతుకే.

యాస సంగతి వచ్చింది కాబట్టి ఈ పేజీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వరుస చెబుతాను. భాషలు అన్న చోట: ‘తెలుగు – గుంటూరు యాస. అవసరమైతే తగ్గుతుంది, పోదు.’

భాషల దగ్గర ‘తెలుగు, హిందీ, ఇంగ్లీషు – చదవడం, రాయడం, మాట్లాడటం’ అని గడులు పెట్టి టిక్కులు కొట్టడం ఆచారం. రేడియోకు ఆ టిక్కులతో ఏం పని? వినేవాడికి కావాల్సింది వేరు. శ, ష, స మూడూ మూడుగా వినిపిస్తాయా? ‘భ’లో ఒత్తు ఉందా? ‘ళ’ నిలబడుతుందా? తప్పు లేకుండా చదువుతూనే ఊరిమనిషిలా మాట్లాడగలదా? ఆమె ఆ ప్రశ్నలకు తనే జవాబు చెప్పుకుని, ఏది మార్చగలదో ఏది మార్చలేదో తేల్చి రాసింది. ‘పోదు’ అన్న మాటలో గర్వం లేదు, క్షమాపణా లేదు. హిందీ గురించి ‘పాటల పేర్లు, గాయకుల పేర్లు తప్పు లేకుండా పలుకుతాను’ అని మాత్రమే ఉంది. ఉదయం షోకు కావాల్సిన హిందీ అంతే. ఆ మాటకొస్తే గుంటూరు జిల్లా గొంతులకు రేడియో కొత్త కాదు. దుగ్గిరాల దగ్గర మోరంపూడిలో పుట్టిన కొంగర జగ్గయ్య సినిమాల్లో స్థిరపడకముందు ఢిల్లీ ఆకాశవాణి నుంచి తెలుగు వార్తలు చదివాడు. తెలుగువాళ్లు గంభీరమైన గొంతు అనగానే తలుచుకునే పేర్లలో అది ఒకటి.

యాసనే బలంగా చేసుకున్న స్టేషన్ జహీరాబాద్ దగ్గర మాచనూరులో ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని దళిత మహిళా రైతులు నడిపే సంగం రేడియో. 2008 అక్టోబర్ 15న ప్రసారం మొదలైంది. ‘జనరల్’ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అక్కడ మైకు పట్టినవాళ్లు. వాళ్ల రెజ్యూమె ఏది అని అడిగితే నేనైతే క్యాసెట్లు చూపిస్తాను. మన దేశంలో 2002లో కమ్యూనిటీ రేడియోకు తలుపు తెరిచినప్పుడు విద్యాసంస్థలకే అవకాశం ఇచ్చారు. స్వచ్ఛంద సంస్థలకు 2006లో గాని దారి దొరకలేదు. అంతకుముందే తొంభైల చివర్లో స్టూడియో కట్టుకున్న మాచనూరు ఆడవాళ్లు లైసెన్సు కోసం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. విత్తనాల గురించి, పంటల గురించి, పాటలు, ముచ్చట్లు రికార్డు చేసి, ఆ టేపుల్ని సంగం (మహిళా సంఘం) మీటింగుల్లో వినిపిస్తూ వచ్చారు. గాలిలోకి వెళ్లేనాటికి పని చూపించడానికి వాళ్ల దగ్గర టేపుల గుట్ట ఉంది. చదువు గడిలో ఏం రాయాలన్న ప్రశ్నే రాలేదు.

ఆకాశవాణి దారి వేరు, ఆ దారిలో వెళ్లేవాళ్లు ఈ పేజీని నమూనాగా పెట్టుకుంటే లాభం లేదు. అక్కడ క్యాజువల్ అనౌన్సరుకు దరఖాస్తు ఫారం వాళ్లే ఇస్తారు. వయసు, డిగ్రీ, స్థానికత, ఫీజు అన్నీ గడుల్లో నింపాలి. తర్వాత రాత పరీక్ష, ఆ తర్వాత స్వర పరీక్ష, ఎంపికైతే ‘వాణి’ శిక్షణ కోర్సు. నెలకు ఆరు డ్యూటీలకు మించి ఉండవని నోటిఫికేషన్లోనే చెప్పేస్తుంటారు. ఫారంలో మన చమత్కారానికి చోటు లేదు, అక్షరం పొల్లుపోకుండా నింపితే చాలు. అక్కడ చూపించాల్సిందంతా గాజు తలుపు అవతల, స్క్రిప్టు చేతికిచ్చినప్పుడు.

మళ్లీ మన పేజీ దగ్గరికి. చదువుకూ షోకూ మధ్య ఏడాది ఖాళీ ఉంది. దాన్ని దాచలేదు: ‘మధ్యలో ఏడాది నాన్నగారి ఎరువుల కొట్టు చూసుకున్నాను.’ ఇంకొకరైతే దీన్నే ‘రిటైల్ ఆపరేషన్స్, కస్టమర్ రిలేషన్స్’ అని వండేవాళ్లు. కొట్టును కొట్టు అనే రాసింది. ఇక్కడ ఒక కిటుకు ఉంది, ఆమె కావాలని పెట్టిందో లేదో తెలియదు గాని నేను మాత్రం మెచ్చుకున్నాను. డెమోలో 0:22 దగ్గర రైతుతో మాట విన్నాక ఈ వరుస చదివితే ఆ మాటకారితనం ఎక్కడ నేర్చుకుందో తెలిసిపోతుంది. కొట్టు గల్లా దగ్గర ఏడాది కూర్చున్న మనిషికి, అప్పు అడగడానికి మొహమాటపడుతూ వచ్చిన రైతుతో ఎలా మాట కలపాలో ఒకరు నేర్పక్కర్లేదు. పేజీలో ఆ రెండిటినీ కలిపే గీత లేదు, చదివేవాడే కలుపుకుంటాడు. తను కలుపుకున్నదాన్ని మనిషి ఎక్కువ నమ్ముతాడు కూడా.

సాంకేతిక నైపుణ్యాల దగ్గర ఒకే వరుస: ‘అడోబీ ఆడిషన్. ఈ డెమో నేనే కోశాను. మిక్సరు మీద ఒక్కదాన్నే షో నడుపుతాను.’ ఈ మధ్య రెజ్యూమెల్లో ప్రతి సాఫ్ట్‌వేర్ పక్కనా ఐదు నక్షత్రాలు పెట్టి, మూడున్నరకు రంగు వేస్తున్నారు. ఎడిటింగులో మూడున్నర నక్షత్రాల మనిషి ఎలా కోస్తాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇప్పుడు ఆ వంద సెకన్లు.

మొదటి లింకు ఇంటర్ ఫలితాల రోజుది. వెనక పాట ముందు వచ్చే వాద్యం నడుస్తోంది. పాట ఎత్తుకునేలోపు మాట ముగియాలి. పల్లవి మీద మాట పడితే శ్రోతకు చిరాకు, ముందే ఆగిపోతే బోసిగా ఉంటుంది. ఆమె మాటలు ఇవి: ‘రిజల్టు చూసుకున్నవాళ్లు స్వీట్లు పంచండి. చూసుకోనివాళ్లు ముందు అన్నం తినండి. సర్వరు ఎలాగూ ఇంకో గంటదాకా తెరుచుకోదు.’ చివరి మాట అయిపోయింది, అర క్షణం వాద్యం, పల్లవి. ఫెయిలైన పిల్లల గురించి ఉపన్యాసం లేదు. ‘అన్నం తినండి’ అన్నదాంట్లోనే ఆ రోజు ఇంట్లో పొద్దుట్నుంచి ముద్ద ముట్టని పిల్లలు, వాళ్ల చుట్టూ తిరిగే అమ్మలు అందరూ ఉన్నారు. ఆఖరి వాక్యం మిగతా రెండిటికన్నా పొడుగు, గమనించారా? నవ్వు ఆఖరిదాంట్లో పెట్టింది. నవ్వు మీద పాట ఎత్తుకుంటుంది. అది రాసుకుని చదివిన మాటేనని నాకు గట్టి నమ్మకం, వినడానికి మాత్రం అప్పటికప్పుడు తోచినట్టే ఉంది.

రెండోది కౌలు రైతు ఫోను. కోత మిషనుకు ఈసారి ఎక్కువ అడుగుతున్నారని ఆయన గొంతులో కోపం. ఆమె మొదటి ప్రశ్న: ‘చైను మిషనా బాబాయ్, టైర్లదా?’ తేమ ఆరని చేలో టైర్ల మిషను దిగబడుతుంది, చైను మిషనే కావాలి, దాని అద్దె ఎక్కువ. ఆ ఒక్క ప్రశ్నతో ఆయన గొంతు మారిపోయింది. ఎదురుగా ఉన్నది స్టూడియో పిల్ల కాదు, సంగతి తెలిసిన మనిషి అని అర్థమైంది. ‘చైనేనమ్మా, ఇంకా తడి ఆరలా’ అని చెప్పి ఆగాడు. ఆమె మాట్లాడలేదు. రెండు సెకన్లపాటు లైన్లో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు ఆయనే అందుకున్నాడు: ‘కౌలు పోను ఇంకేం మిగులుద్దమ్మా.’

వంద సెకన్ల డెమోలో రెండు సెకన్ల నిశ్శబ్దాన్ని కొయ్యకుండా ఉంచడం మామూలు ధైర్యం కాదు. కొత్త ఆర్‌జేలు ఖాళీ అంటే భయపడతారు. అవతలి మనిషి ఊపిరి తీసుకునేలోపు ‘అవునండీ, తప్పకుండా అండీ’ అని పూరిస్తారు. ఎడిటింగులోనైతే ఖాళీలన్నీ ముందుగా పోయేవే. ఈమె ఆగాల్సిన చోట ఆగింది, తర్వాత ఎడిటింగు బల్ల దగ్గర ఆ ఆగడాన్ని కాపాడుకుంది. రెండూ వేరు వేరు నైపుణ్యాలు. కాగితం మీద ‘మంచి శ్రోతను’ అని రాసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు.

మూడోది తుఫాను రోజు. కింద సంగీతం తీసేసింది. గొంతు తగ్గింది గాని వణకలేదు, బెదిరించలేదు. కంట్రోల్ రూమ్ ఫోన్ నంబరు రెండుసార్లు చదివింది, రెండోసారి ఇంకాస్త నెమ్మదిగా. పెన్ను వెతుక్కునేవాడికి ఆ రెండోసారి. ‘ఈ సమాచారం మండల ఆఫీసు నుంచి’ అని గాలిలోనూ చెప్పింది. కాగితం మీది మాట అక్కడిదే. చివరి తొమ్మిది సెకన్లలో తన పేరు, టైము, రేపు ఎన్నింటికి వస్తుందో. డెమో చివర అందరూ పెట్టే సుభాషితం లేదు.

కోతలో ఇంకో మెచ్చుకోదగ్గ పని: ఊపిరి చప్పుళ్లు ఉంచింది. నేర్చుకుంటున్నవాళ్లు ఊపిరి వినిపించిన చోటల్లా కత్తెర వేసి, పైన ఎకో కలుపుతారు, మనిషి కాస్తా రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంటు అయిపోతుంది. ఇక్కడ ఒక లింకుకూ ఇంకో లింకుకూ మధ్య పాటను రెండు సెకన్లు మాత్రం వదిలి కోసింది. అంతకన్నా ఎక్కువ ఉంచితే వినేవాడు పాటలో పడతాడు. డెమోలో వినాల్సింది ఇళయరాజాను కాదు గదా.

పేజీతోపాటు వచ్చిన ఈమెయిల్ మూడే వాక్యాలు. మొదటిది ఏ ఉద్యోగానికో చెప్పింది. మూడోది ఎప్పుడు చేరగలదో. రెండోది యథాతథంగా: ‘మీ పొద్దుటి షోలో ట్రాఫిక్ చెప్పేటప్పుడు బెంజ్ సర్కిల్ రోజూ వస్తోంది, రామవరప్పాడు రింగు ఎప్పుడో గాని రావడం లేదు, ఏలూరు వైపు నుంచి వచ్చేవాళ్లు ఆగిపోయేది అక్కడే.’ ‘మీ షో అంటే నాకు ప్రాణం’ అని రాసేవాళ్లు షో విన్నారో లేదో చెప్పలేం. ఈ అమ్మాయి విన్నది, అదీ పెన్ను పట్టుకుని. తప్పు పట్టినట్టు కాకుండా పని చెప్పినట్టు రాసింది. స్టేషన్లో ఒకరిద్దరికి ఇది కొంచెం ఎక్కువైందనిపించింది. ఉదయం షోకు కావాల్సింది ఈ ‘కొంచెం ఎక్కువే’నని నేను వాదించాను.

పేజీలో లోటు లేదని కాదు. ఒకటి ఉంది, చిన్నదేమీ కాదు. వంద సెకన్లలో ఒక్క ప్రకటన కూడా లేదు. ప్రైవేటు ఎఫ్‌ఎమ్ బతికేది ప్రకటనల మీద. ఆర్‌జే జీతం కూడా చివరికి అక్కడి నుంచే వస్తుంది. పాట గురించి మాట్లాడినంత తేలిగ్గా చీరల షాపు గురించీ మాట్లాడాలి, అమ్ముతున్నట్టు వినిపించకూడదు, అమ్మకుండా ఉండకూడదు. కాలేజీ రేడియోలో ప్రకటనలు తక్కువ కాబట్టి రికార్డు దొరికి ఉండదు. అయితే ఇంట్లో కూర్చుని ఏ కిరాణా కొట్టు మీదో ఇరవై సెకన్లు రాసుకుని, ‘ఇది నమూనా’ అని చెప్పి, 1:05కు ముందు పెడితే ఎవరూ కాదనరు. నాన్నగారి ఎరువుల కొట్టు మీదే రాయొచ్చు.

స్టూడియో పరీక్షకు పిలిచినప్పుడు అందుకే ముందు ప్రకటన కాపీ చేతికిచ్చారు. ఒక చీరల షాపు ఆషాఢం డిస్కౌంట్లు, ఇరవై సెకన్లు. ఆమె మనసులో ఒకసారి చదువుకుంది. మైకు దగ్గరికి వెళ్లకుండా గాజు అవతల ఉన్నవాళ్ల వైపు తిరిగి, ‘షాపు ఏ వీధిలో ఉందండీ?’ అని అడిగింది. కాపీలో అడ్రసు లేదు. రాసినాయన కుర్చీలోంచి లేచి ఫోన్ వెతుక్కోవడం మొదలుపెట్టాడు.